బిళ్ళకో ముగ్గు

పనసపొట్టు కూర ఆచార్య తటవర్తి పరమహంసగారి ఒంటికి సరిపడకపోవడంతో రాష్ట్రంలో మందులమ్మే పద్ధతి మారిపోయింది. ఆయన రాష్ట్ర ఔషధ రసాయన చైతన్య మండలికి అధ్యక్షులు. ఎవరి పెళ్ళికో వేగిలంక వచ్చి, ఆవపెట్టిన ఆ కూర మారు వడ్డించుకుని, పులితేన్పులు పట్టుకుని బస్టాండు ఎదురుగా ఉన్న సోమరాజు మెడికల్ షాపు మెట్లెక్కారు. సోమరాజు సంగతి విని, కత్తెరతో రెండు బిళ్ళలు కత్తిరించి చేతిలో పెట్టి, భోజనానికి అరగంట ముందు వేసుకోండి అన్నాడు. ఆచార్యులవారు బిళ్ళని వెలుతురుకి పట్టి చూసి, దీని అణునిర్మాణం ఏమిటని అడిగారు.

సోమరాజు బి.ఫార్మసీ చదివినవాడే. ఔషధ రసాయనశాస్త్రం పేపరు రెండో దండయాత్రలో గట్టెక్కినవాడే. అయితే బస్టాండు ఎదురుగా కూర్చున్న ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మారాజు ఒక్కడూ లేడు. పాలతో వేసుకోవచ్చా, ఇందులోనే గులాబీ రంగుది లేదా, మా బావమరిదికి పనిచేసింది నాకెందుకు చెయ్యదు, జనం అడిగేవి ఇవి. అందుకని ఉన్నమాట చెప్పేశాడు.

"గుర్తులేదండి. తేన్పులు మాత్రం తగ్గుతాయండి."

తేన్పులు తగ్గాయి. ఆచార్యులవారి బాధ మాత్రం పెరిగింది. నలభై ఏళ్ళు తాను గొంతు చించుకుని పాఠం చెప్పిన శాస్త్రం, చివరికి కౌంటరు మీద 'గుర్తులేదండి' అయిపోయిందా అని ఆయన దారి పొడవునా కారులో కుమిలిపోయారట. కుమిలిపోయిన మనిషి ఇంటికెళ్ళి పడుకుంటే ఊరుకి మంచిది. ఆయన ఆఫీసుకి వెళ్ళారు.

నెల తిరక్కుండా సర్క్యులర్ దిగింది. "ఔషధమును విక్రయించు ప్రతి వ్యక్తియు, విక్రయమునకు పూర్వము, సదరు ఔషధము యొక్క అణునిర్మాణమును కొనుగోలుదారు కన్నులయెదుట స్వహస్తముతో లిఖించి, వివరించి, 'అర్థమైనది' అను సంతకమును పొందవలెను" అని ఉంది అందులో. ఉద్దేశం మంచిదే. మన దగ్గర చెడ్డ ఉద్దేశంతో వచ్చిన సర్క్యులర్ ఒక్కటి చూపించండి చూద్దాం.

సోమరాజు అటక మీంచి పాత పుస్తకం దించి చెదలు దులిపాడు. బళ్ళో పిల్లలు రాసుకునే పలకా, సుద్దముక్కల డబ్బా కొన్నాడు. మొదటి బేరం జ్వరం బిళ్ళ. వచ్చినాయన కొబ్బరికాయల వ్యాపారి. సోమరాజు ఆరు మూలల బెంజీన్ వలయం గీసి, ఇటు చెయ్యి ఇదీ, అటు తోక అదీ అని ఆయనకి ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. ఆయన బుర్ర ఊపుతూ బస్సు వంక చూసి, అడిగిన చోట వేలిముద్ర వేసి, బిళ్ళ కౌంటరు మీదే మరిచిపోయి బస్సెక్కేశాడు.

ఈ సర్క్యులర్ అమలు చూడ్డానికి ఇన్‌స్పెక్టర్ జ్ఞానానందం అనే ఆయన్ని వేశారు. ఆయన ఇదివరకు గడువు దాటిన మందులు పట్టుకునేవాడు. ఇప్పుడు గడువుల జోలికి పోవడం మానేసి, చొక్కా జేబులో కోణమానిని పెట్టుకుని తిరుగుతున్నాడు. పలక మీద కోణమానిని ఆనించి, కళ్ళు చిట్లించి, చాలా బాధపడేవాడు.

"రాజుగారూ, వలయంలో కోణం నూట ఇరవై డిగ్రీలుండాలండి. మీది నూట పదిహేను దగ్గర ఆగిపోయింది. ఇలాగైతే దీన్ని కల్తీ కింద రాయాల్సొస్తుంది."

అసలు మందు డబ్బాలో బాగానే ఉందండి, వంకర నా చేతిదేనండి అని సోమరాజు మొరపెట్టుకున్నాడు. మండలి దృష్టిలో డబ్బాలోది ద్వితీయం, పలక మీదిది ప్రథమం అని జ్ఞానానందం గౌరవంగానే చెప్పి వెళ్ళాడు.

అవసరం అన్నీ నేర్పుతుందంటారు. వేగిలంకకి నేర్పింది ఏమిటంటే, గీయడానికి తేలికైన మందే మంచి మందని. జ్వరం బిళ్ళకి ఒక వలయం చాలు. ఆస్పిరిన్‌కి వలయం, పక్కపక్కనే రెండు చేతులు, అయిపోయింది. అదే గొంతునొప్పికి డాక్టరు రాసే పెద్ద యాంటీబయాటిక్ అయితే, గాదె చుట్టంత వలయం ఒకటి గీసి, దానికి రెండు చక్కెర ముక్కలు తగిలించి, అడ్డమైన చోటల్లా కొక్కేలు పెట్టాలి. అది పూర్తయ్యేసరికి గొంతు దానంతటదే నయమయ్యేది. డాక్టర్లు కూడా రోగి నాడి చూశాక బయట క్యూ ఎంతుందో చూసి చీటీ రాయడం మొదలెట్టారు. ఇక బి పన్నెండు విటమిన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. దాని బొమ్మ గాలివానకి తెగిపడిన వలలా ఉంటుంది. సోమరాజు ఒకసారి పొద్దున్నే మొదలెట్టి, మధ్యాహ్నం భోజనానికి లేచి, మళ్ళీ వచ్చి చూస్తే కొన్నాయన వెళ్ళిపోయాడు. మూడు నెలల్లో జిల్లాలో ఆ విటమిన్ ఒక్కటీ అమ్ముడుపోలేదు. కొనుగోళ్ళు సున్నాకి చేరినందున జిల్లాలో బి పన్నెండు లోపం పూర్తిగా నిర్మూలించబడినదని మండలి ప్రకటించి, కలెక్టరుగారి చేత దీపం వెలిగించింది.

ఆ రోజుల్లోనే క్యూలో సన్నాయి బుల్లెబ్బాయి నిలబడ్డాడు.

చుట్టుపక్కల ఏ ఊళ్ళో పెళ్ళయినా బుల్లెబ్బాయి సన్నాయి ఉండాల్సిందే. చిత్రమేమిటంటే ఆయనకి చిన్నప్పట్నించీ ఉబ్బసం. ఉబ్బసం మనిషి సన్నాయి ఊదడం దేవుడితో తగువు పెట్టుకోవడమే. ఆ తగువులో ఆయన వైపున్నది నీలం రంగు ఇన్‌హేలర్ ఒక్కటే. అది మొలలో పెట్టుకుని, ముహూర్తానికి ముందు రెండుసార్లు పీల్చి, తాళి కట్టేదాకా లాక్కొచ్చేవాడు. మాఘమాసం ముందుంది. ఆ నెల్నాళ్ళు ఊదితేనే ఆయనకీ, పెళ్ళాం వరాలుకీ ఏడాది బియ్యం. ఊరేగింపుల్లో నిలబడి నిలబడి మోకాళ్ళు పీకుతున్నాయని ఆ రోజు వచ్చాడు. సోమరాజుకి ఇవన్నీ తెలుసు. ఇన్‌హేలర్ అమ్మేది ఆయనే. కానీ వెనక ముప్ఫైమంది, పక్కన కోణమానినితో జ్ఞానానందం. చెయ్యి వణక్కుండా వలయం గీయడం మీదే ప్రాణం పెట్టుకుని, నొప్పికి తేలిగ్గా గీయొచ్చుగదా అని ఆస్పిరిన్ చేతిలో పెట్టేశాడు. కోణం నూట ఇరవై వచ్చింది. జ్ఞానానందం మెచ్చుకున్నాడు కూడా.

మధ్యాహ్నం బిళ్ళ వేసుకున్న బుల్లెబ్బాయికి సాయంత్రానికల్లా ఊపిరి సలపలేదు. ఉన్న ఇన్‌హేలరంతా పీల్చేస్తే గాని మంచం మీద కూర్చోలేకపోయాడు. సంగతి సోమరాజుకి తెలిసింది. పరుగున వచ్చి పుస్తకం తీస్తే, ఆస్పిరిన్ బొమ్మ ఉన్న పేజీ వెనక పేజీలోనే ఉంది అసలు సంగతి. ఆ జాతి మందులు ఒంట్లో ఒక దారికి అడ్డుకట్ట వేస్తాయి. ఒక కాలవకి లాకు దించితే నీళ్ళు పక్క కాలవలోకి పోటెత్తినట్టు, సరుకంతా రెండో దారిలో పడి, కొందరు ఉబ్బసం వాళ్ళకి ఊపిరితిత్తుల గొట్టాలు బిగుసుకుపోతాయి. కాలేజీలో మాస్టారు ఆ లాకుల బొమ్మ బోర్డు మీద వేసి మరీ చెప్పారు. ఇన్నాళ్ళూ బొమ్మ దించుకుంటున్నాడే గాని సోమరాజు పేజీ తిప్పలేదు. 'ఆయాసం ఉంది కదా నీకు' అని ఒక్కమాట అడిగుంటే సరిపోయేది. ఆ రసాయనశాస్త్రం దేనికి పనికొస్తుందంటే ఆ ఒక్కమాట అడగడానికి.

తెల్లారి వరాలు డాక్టరు చీటీ పట్టుకుని కొత్త ఇన్‌హేలర్‌కి వచ్చింది. సరిగ్గా ఆ రోజే రెండో సర్క్యులర్ అమల్లోకొచ్చింది. 'అర్థమైనది' అని సంతకం పెట్టినవాళ్ళలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదని మండలి సర్వేలో తేలిందట. కాబట్టి ఇకమీదట కొనుగోలుదారు కూడా నిర్మాణం గీయాలి. అది ఇన్‌స్పెక్టరు తనిఖీ చేసి టోకెను ఇవ్వాలి. టోకెను లేనిదే మందు లేదు.

మగవాళ్ళు బెంబేలెత్తారు గాని ఆడవాళ్ళకి ఇదొక లెక్కలోకి రాలేదు. చుక్కలు పెట్టి కలపడమే కదా అనుకున్నారు. షాపు గోడకి అంటించిన బొమ్మ ఒకసారి చూసుకెళ్ళి, వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, పిండితో వేసిపారేసేవారు. జ్ఞానానందం పొద్దున్నే వీధులెంట తిరుగుతూ గుమ్మాల ముందు కోణమానిని ఆనించి టోకెన్లిచ్చేవాడు. దీన్ని 'జన రసాయన చైతన్యం' అన్నారు మండలివారు. చైతన్యం బాగానే వచ్చింది. ఏ వాకిట్లో ఏ ముగ్గుందో చూసి ఎవరింట్లో ఎవరికేం జబ్బో చెప్పేయడం ఊరంతా నేర్చుకుంది. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గరే ముగ్గు చదువుకుని, కాఫీ కూడా తాగకుండా వెనక్కి తిరిగేవారు.

అమలైన ఆ మొదటి రోజే వరాలు కూడా వేసింది. ఇన్‌హేలర్ మందుకి నడుమ ఒక వలయం, ఎడం పక్కన రెండు పొట్టి చేతులు, కుడి పక్కన ఒక తోక, తోక చివర త్రిశూలంలా మూడు కొమ్మలు. వేసి లేచి నిలబడి చూసుకుంటే ఆవిడకి మనసొప్పలేదు. ఒక పక్క నిండుగా, ఒక పక్క బోసిగా ఉన్న ముగ్గు ఏ ఇల్లాలూ వాకిట్లో వదలదు. అందులోనూ లోపల మనిషి మంచం మీదున్నాడు. వంగి, ఎడం పక్క కూడా ఒక తోకా, దాని చివర ఒక త్రిశూలమూ పెట్టి, నాలుగు మూలలా పసుపు కుంకుమ చల్లింది.

జ్ఞానానందం వచ్చి చూశాడు. కోణాలన్నీ నూట ఇరవై. కానీ ఆయన దగ్గరున్న మందుల బొమ్మల్లో ఎక్కడా అలాంటిది లేదు. తలకిందులుగా చూశాడు, పక్క నించి చూశాడు, ఫొటో తీసి మండలికి పంపాడు. పంపిన గంటలో ఆచార్య పరమహంసగారే ఫోను చేశారు. ప్రపంచంలో ఇంతవరకూ ఎవరూ గీయని అణువట అది. రెండువైపులా తోకలుండబట్టి రెట్టింపు పనిచేయగలదట. ఒక సామాన్య గృహిణి నూతన ఔషధాన్ని కనుగొన్నదంటే అది తమ సర్క్యులర్ విజయమే కాబట్టి, వచ్చే ఆదివారం ఘనసన్మానం. అందాకా ముగ్గు చెరగకుండా వాకిట్లో పందిరి వేయించారు, ఒక పోలీసును కూడా కాపలా పెట్టారు.

వరాలు టోకెను కోసం షాపుకీ ఆఫీసుకీ తిరిగింది. సోమరాజు ఆవిడ తరఫున జ్ఞానానందం కాళ్ళావేళ్ళా పడ్డాడు. రెండో తోక చెరిపేసి మళ్ళీ వేస్తుందండి, టోకెనివ్వండి అన్నాడు. అది ఇప్పుడు రాష్ట్ర మేధోసంపద అనీ, చెరిపితే కేసవుతుందనీ, ఒక గుమ్మానికి ఒకే నిర్మాణం కాబట్టి పక్కన ఇంకోటి వేయడం కుదరదనీ జ్ఞానానందం చెప్పాడు.

"మరి ఆవిడ కనిపెట్టిన మందన్నా ఇప్పించండి," అన్నాడు సోమరాజు, కడుపు మండి.

"అది ఇంకా తయారు కాలేదండి. పదేళ్ళు పడుతుంది. బుల్లెబ్బాయిగారిని కాస్త ఓపిక పట్టమనండి."

ఓపికకి ఊపిరి కావాలి గదా. బుల్లెబ్బాయి ఆ నాలుగు రోజులూ గోడకి తలగడ ఆనించి కూర్చునే నిద్రపోయాడు. ఉప్పునీళ్ళ ఆవిరి పట్టింది వరాలు, అల్లం కషాయం పోసింది. సోమరాజు రోజూ పోయి తలుపు దగ్గర నిలబడేవాడు. జేబులో ఇన్‌హేలర్ ఉండేది. తీసిస్తే లైసెన్సు పోతుంది, లైసెన్సు పోతే ఇల్లు గడవదు. అలా రోజూ జేబు తడుముకుని వెనక్కి వచ్చేవాడు, తన మీద తనకే అసహ్యం వేసేది.

ఆదివారం హైస్కూలు మైదానంలో సభ. వరాలుని వేదిక మీద కూర్చోబెట్టి, చేతిలో పళ్ళెం, భుజాన శాలువా పెట్టారు. శాస్త్రవేత్త భర్త సన్నాయి విద్వాంసుడని తెలిసి, మంగళవాద్యం ఆయనే వాయించాలని ఆచార్యులవారు ముచ్చటపడ్డారు. ఇద్దరు మనుషులు బుల్లెబ్బాయిని రెక్కలు పట్టుకుని తీసుకొచ్చి కింద ముందు వరసలో కూలేశారు. పైన ఉపన్యాసం. ఔషధ రసాయనశాస్త్రం ప్రయోగశాల గోడలు దాటి గుమ్మం ముగ్గులోకి దిగివచ్చిన శుభఘడియ ఇది అంటున్నారు ఆచార్యులవారు. కింద మైదానం దుమ్ము. బుల్లెబ్బాయి సన్నాయి పెదాలకి ఆనించాడు, గాలి పోలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు. కళ్ళు తేలిపోయాయి, గోళ్ళు నీలం తిరిగాయి.

వరాలు పళ్ళెం వదిలేసి వేదిక మీంచి దూకింది. "రాజుగారూ, మీ కాళ్ళు పట్టుకుంటానండి, మనిషి పోతున్నాడండి" అంది.

సోమరాజు అప్పటికే లేచాడు. లైసెన్సూ, ఇల్లూ, సర్క్యులరూ ఏవీ గుర్తులేవు. బుల్లెబ్బాయి తల తన ఛాతీకి ఆనించుకుని ఇన్‌హేలర్ నోట్లో పెట్టి, పీల్చు, పట్టి ఉంచు, వదులు అంటూ చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. ఒకటి, రెండు, కాసేపాగి ఇంకోటి. పిల్లికూతలు తగ్గాయి. పావుగంటకి బుల్లెబ్బాయి కళ్ళు తెరిచి, మంచినీళ్ళడిగాడు. జనం చప్పట్లు కొట్టారు. అవి తన ఉపన్యాసానికే అనుకుని ఆచార్యులవారు నమస్కారం పెట్టారు.

జ్ఞానానందం మాత్రం సోమరాజు పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, చెమట తుడుచుకుంటూ అడిగాడు. "పలక ఏదండి?"

పదిహేను రోజుల్లో విచారణ. సోమరాజు మండలి ఆఫీసుకి సంజాయిషీ పట్టుకెళ్ళాడు. ఊపిరాడ్డం లేదండి, అందుకిచ్చానండి అని ఒక్క వాక్యం రాశాడు. మండలిలో అయిదుగురు పెద్దలు ఆ వాక్యం చేతులు మార్చుకుని చూశారు. ఇందులో నిర్మాణం లేదన్నారు. తర్వాత సాక్షిగా బుల్లెబ్బాయిని పిలిచారు. మందు నీకు అర్థమైందా అని ఆచార్యులవారు అడిగారు.

"అర్థమైందండి, ఆయ్. ఊపిరొచ్చిందండి."

'సాక్షికి అర్థము కాలేదు' అని గుమాస్తా రాసుకున్నాడు. పెద్దలు తలలు దగ్గర పెట్టి మాట్లాడుకుని తీర్పు చదివారు. సాక్షి సదరు ఔషధమును నిర్మాణజ్ఞానము లేకయే సేవించి, తద్ద్వారా శ్వాస అను లబ్ధిని అక్రమముగా పొందియున్నాడు గనుక, సదరు లబ్ధిని అతనినుండి తిరిగి వసూలు చేయవలెను. వసూలు కాని పక్షమున విక్రేత లైసెన్సు శాశ్వతముగా రద్దగును. సోమరాజు తల పట్టుకున్నాడు. వెంట వచ్చిన వరాలు ఏడవడం మొదలెట్టింది.

బుల్లెబ్బాయి మాత్రం ఒక అడుగు ముందుకొచ్చాడు. "అంటే ఆ ఊపిరి తమకి వాపసియ్యాలి, అంతేనాండి?"

"అంతే," అన్నారు ఆచార్యులవారు.

"ఎంతియ్యాలండి?"

దానికి కొలత ఏదీ సర్క్యులర్‌లో లేదు. పొందినంత అన్నారు. బుల్లెబ్బాయి సంచీ విప్పి సన్నాయి తీసి, దాని పీక సరిచూసుకుని, నేల మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. పెద్దలు ఏదో అనబోయేలోపల షడ్జం పట్టాడు. పట్టి వదల్లేదు. ఆ పొడుగాటి స్వరం గది నిండి వరండాలోకి పోయింది. పక్క సెక్షన్ల గుమాస్తాలు లేచి వచ్చి తలుపు దగ్గర గుమిగూడారు. తర్వాత కల్యాణి ఎత్తుకున్నాడు. ఆ నాలుగు రోజులు గోడకానుకుని పడ్డ బాధంతా, నోటితో చెప్పుకోలేనిదంతా అందులో పోశాడు. సోమరాజు కళ్ళు తుడుచుకున్నాడు. జ్ఞానానందం కోణమానినితో తొడ మీద తాళం వేస్తున్నాడు. గుమాస్తా మెల్లిగా వంగి, వసూలు సరిపోయిందాండీ అని అడిగితే, ఆచార్యులవారు కళ్ళు మూసుకునే ఇంకా రావాలన్నారు. ఆరుసార్లు అడిగాడు గుమాస్తా. ఆరుసార్లూ అదే మాట.

ఆపేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పుడు గుమాస్తా భయపడుతూ ఒక చిక్కు లేవనెత్తాడు. పొందింది మూడు పీల్పులు, వసూలైంది పూటంత ఊపిరి. ఎక్కువ వసూలు చేస్తే ఆడిట్ వాళ్ళు ఊరుకోరు. పెద్దలు మళ్ళీ తలలు దగ్గర పెట్టారు. అదనముగా జమ అయిన శ్వాసను రాబోవు ఆయాసములకు సర్దుబాటు చేయవలెననీ, అట్టి సర్దుబాటుకు పలకా, ముగ్గూ అవసరము లేదనీ ఆర్డరు వేసి, ముద్ర కొట్టి, కేసు మూసేశారు. ఎవరి ఆయాసములకు అనేది రాయడం మరిచిపోయారు.

మర్నాడు సోమరాజు షాపు తెరిచేసరికి చేపలమ్మే పేరమ్మ మెట్ల మీద కూర్చుని రొప్పుతోంది. చేతిలో డాక్టరు చీటీ ఉంది. టోకెను లేదు. వాకిలే లేని గుడిసె నాది, ముగ్గెక్కడ వెయ్యను, ఆ సన్నాయి ఆయన్లా ఊదడం కూడా రాదు, నన్నేం చెయ్యమంటావ్ బాబూ అని వాపోయింది. సోమరాజు ఆవిడ పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. ఈమధ్య నొప్పులకేమన్నా బిళ్ళలు వేసుకున్నావా అని అడిగాడు. ఏదీ లేదంది. ఇదివరకు ఏ మందన్నా పడక దద్దుర్లు గాని వచ్చాయా అని అడిగాడు. అదీ లేదంది. లోపలికెళ్ళి ఇన్‌హేలర్ తెచ్చి, ఎలా పీల్చాలో చూపించి, చేతిలో పెట్టాడు.

"కాయితం అడుగుతారేమో బాబూ."

"బుల్లెబ్బాయి కట్టిన ఊపిరుందిగా, అందులోంచి ఇస్తున్నానమ్మా."

పేరమ్మ గాభరాపడింది. "అయ్యో, ఆయనకి తక్కువైపోదూ?"

"అయిపోతే మళ్ళీ ఎల్లి ఊదొస్తానన్నాడమ్మా."

పేరమ్మ ఇన్‌హేలర్ కొంగున ముడేసుకుని, గట్టిగా ఒకసారి ఊపిరి పీల్చి చూసుకుంది. సాయంత్రం సన్నాయి ఆయనింటికి నాలుగు చేపలు పంపిస్తానని చెప్పి, బుట్ట నెత్తినెత్తుకుని మెట్లు దిగింది.